రాసిన చేయి

మేడ మీది ముందు గది
వానలు మొదలైన వారం

ఇంకా నా చేత దిద్దించుకుంటున్న మనవరాలికి,

కాదు. పాదిరీ గారి చెల్లెలు హాస్యపాత్ర కాదు. నువ్వు రాసి పంపిన పరీక్ష గైడు ప్రతిలో "ముఖ్య పాత్రలు" అన్న శీర్షిక కింద ఆమె లేనే లేదు. కింద "ఇతరులు" అన్నచోట, బండి తోలేవాడికీ కుక్కకీ మధ్యన ఇరికించి, "పాదిరీ చెల్లెలు: పెళ్లికాని మేనత్త, అతిగా మాట్లాడే హాస్యపాత్ర" అని ఒక్క లైను పడేశావు. కుక్కకి రెండు లైన్లు ఇచ్చావు.

ఆమె ఎప్పుడు నోరు తెరిచినా దుప్పట్ల గురించే మాట్లాడుతుందని నీకు నవ్వొచ్చింది. నేను కాలేజీలో ఈ ఇంగ్లీషు నవల చెప్పినన్నాళ్ళూ ప్రతి క్లాసుకీ అక్కడే నవ్వొచ్చింది. నవ్వనిచ్చి, ఆ తర్వాత అడిగేదాన్ని, ఆ ఇల్లెవరిది అని. పాదిరీది అనేవారు. కాదు, పాదిరీ ఉద్యోగానిది. ఆ కాలంలో ఆ దేశంలో చర్చి పక్కన ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చేది, ఉద్యోగంతో పాటే పోయేది. మనిషి చనిపోతే వాకిట్లో పూల మొక్కలతో సహా కొత్త పాదిరీకి అప్పజెప్పి వెళ్ళిపోవాలి. ఆ ఇంట్లో ఆమెవి అని చెప్పుకోవడానికి ఉన్నవి తల్లి ఇచ్చిన ఆ దుప్పట్లే. తనవేవో తాను లెక్క చూసుకుంటున్న మనిషి ఆమె. నవ్వేముందు అది తెలిసి నవ్వితే నాకు అభ్యంతరం లేదు.

నీ "చారిత్రక నేపథ్యం" కూడా గోడకి తగిలించిన పటంలా ఉంది. రాణి గారు, రైళ్ళు, పొగ గొట్టాలు. ఆ రోజుల్లో అక్కడి పత్రికలు పెళ్లికాని ఆడవాళ్ళని "మిగులు" అని పిలిచి, ఓడలెక్కించి దూరదేశాలకి పంపేస్తే దేశానికి మంచిదని వ్యాసాలు రాశాయి. అది రాయి. అన్న ఇంట్లో ఉచితంగా పనిచేయడం, ఇంకొకరి పిల్లలకి పాఠాలు చెప్పడం, ముసలావిడ పక్కన కూర్చుని ఉన్ని చుట్టడం. మిగులు మనిషికి ఉన్న దారులు దాదాపు అవే.

చివరగా నీ "సుఖాంతం". తండ్రి పోయాక పాదిరీ కూతురు, మన కథానాయిక, కొత్త పాదిరీని పెళ్లి చేసుకుని పుట్టిన ఇంటికే తిరిగొస్తుంది. మేనత్త కూడా వచ్చి, పిల్లల్ని చూసుకుంటూ, ఎప్పటిలాగే దుప్పట్లు లెక్క చూసుకుందని ఒక్క వాక్యం. దాని కింద నువ్వు "అందరికీ నీడ దొరికింది" అన్నావు. ఆమెని అడిగారా? రెండో భాగంలో ఆమెకొక కోరిక ఉంది, సముద్రం పక్క ఊళ్ళో స్నేహితురాలితో కలిసి ఆడపిల్లల బడి పెట్టాలని. అదీ ఒక్క వాక్యమే. ఆ వాక్యం నుంచి ఈ వాక్యం దాకా ఏమైందో నవల చెప్పదు. నువ్వైనా అడుగు.

చెప్పిన నోరు నాది, రాసిన చేయి మీ చిట్టమ్మమ్మది. నా వేళ్ళకి ఈమధ్య బద్ధకం ఎక్కువైంది. కుట్టు టీచరుగా చేసి రిటైరైన మనిషి కాబట్టి మా చెల్లెలి లైన్లు వంకర పోవు, గమనించు. మొత్తం చదివించుకుని, విన్నాకే సంతకం పెడుతున్నాను.

అమ్మమ్మ


మా వంటింటి బల్ల
అదే నెలాఖరు

అమ్మమ్మకి,

ప్రతులు ఇవ్వడానికి వెళ్ళి, నీ ఉత్తరాన్ని ఆఫీసులో అందరి ముందూ విప్పాను, తప్పు నాదే. కుక్క దగ్గరికి వచ్చేసరికి మా ఎడిటరు గారు నా భుజం మీంచి చదువుతున్నారు. ఆయన అన్నమాట రాస్తున్నాను, కోప్పడకు. "మీ అమ్మమ్మ గారికి జీతం ఇచ్చుకోలేం గానీ, ఆవిడ చెప్పింది వేద్దాం. నాలుగు లైన్లకి మించొద్దు. మేనత్త మీద పరీక్షలో ప్రశ్న రాదు."

నిజమే కదా అమ్మమ్మా. మా గైడు కొనే పిల్లలు నవల చదవరు. ఇతివృత్తాలు, పాత్రలు, నేపథ్యం అని దేనికది పొట్లం కట్టి ఇస్తాం. పరీక్ష రోజు పొద్దున బస్సులో విప్పుకుంటారు. అయినా "మిగులు" సంగతి చేర్చాను. కుక్కకి ఒక లైను కోశాను. మేనత్తకి ఏం రాయాలో ఇంకా తేలలేదు.

ఇక అసలు సంగతి. ఇక్కణ్ణుంచి నువ్వొక్కదానివే చదువుకో. జవాబు ఉత్తరంలో వద్దు, ఫోనులో అవుననో కాదనో అను చాలు.

ఎడిటరు గారు రిటైరవుతున్నారు. ఈ గైడ్ల వరుస మొత్తం నాకు అప్పగిస్తామంటున్నారు. ఇన్నాళ్ళూ ఇంట్లో కూర్చుని పేజీకింత అని రాసినదాన్ని. ఇప్పుడు నాకంటూ ఒక కుర్చీ, తలుపు మీద పేరు. కానీ రోజూ ఆఫీసుకి వెళ్ళాలి. మా బుజ్జిదాన్ని పగలు ఉంచే క్రెష్ పోయిన నెల మూసేశారు. మా ఆయనకి కరెంటు సబ్‌స్టేషన్లో షిఫ్టులు, ఏ పూట ఇంట్లో ఉంటారో ఆయనకే తెలియదు. వచ్చే నెలలోపు దారి దొరక్కపోతే ఆ కుర్చీ ఇంకెవరికో పోతుంది.

చిట్టమ్మమ్మని ఇక్కడికి పంపిస్తావా? బుజ్జిదానికి తనంటే ప్రాణం. తనకి మాత్రం అక్కడ ఏముంది, నీకు రెండు ముక్కలు రాసిపెట్టడం తప్ప? నీకు పనమ్మాయి ఉండనే ఉంది. ఇక్కడైతే హాల్లో మంచం వేస్తాం, చుట్టూ మనుషులుంటారు, పొద్దుపోతుంది. నేను పువ్వుల్లో పెట్టి చూసుకుంటాను. తననే అడిగితే మొహమాటానికి సరే అనేస్తుంది. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నీ
మనవరాలు


మేడ మీది ముందు గది
వాన తెరిపిచ్చిన రోజు

ఎడిటరు కాబోతున్న మనవరాలికి,

ముందు ఒక దిద్దుబాటు. నేను ఏ ఉత్తరమూ ఒక్కదాన్నే చదువుకోను. వేళ్ళకి బద్ధకం అన్నది అబద్ధం. కళ్ళు పోతున్నాయి. దేన్ని చూసినా దాని మధ్యలో ఒక మసక మచ్చ వచ్చి కూర్చుంటుంది. అంచులు బాగానే కనిపిస్తాయి. నీ ముఖం చూడాలంటే నేను నీ చెవి వైపు చూడాలి. డాక్టరు దానికో పొడుగాటి పేరు చెప్పి, ఇంకా పెరక్కుండా సూదులు వేస్తున్నాడు. పోయిన చలికాలం నుంచీ నీ ఉత్తరాలూ నీ ప్రతులూ అన్నీ మా చిన్నదే, అదే మీ చిట్టమ్మమ్మే, పైకి చదువుతోంది. కంగారుపడి ఫోన్ చెయ్యకు. ఫోన్లో నాకు సగం వినిపించదు, మిగతా సగం నచ్చదు.

కాబట్టి నీ ఉత్తరాన్ని ఈ ఇంట్లో ఎలా చదివామో విను. కుక్క దగ్గర ఇద్దరం నవ్వాం. ఆ తర్వాత చిన్నది ఆగింది.

"అక్కా, ఇక్కడ 'నువ్వొక్కదానివే చదువుకో' అని ఉంది."

"నేనొక్కదాన్నే ఎలా చదువుకుంటానే? చదువు."

"చదవనా?"

"లేకపోతే పోస్ట్‌మాన్‌ని పిలిచి చదివించుకోనా?"

చదివింది. పాఠం అప్పజెప్పినట్టు, ఒక్క అక్షరం మింగకుండా. "తనకి మాత్రం అక్కడ ఏముంది" అన్నచోట గొంతు మారుతుందేమోనని విన్నాను. మారలేదు. పువ్వుల దగ్గరా మారలేదు. నీ సంతకం కూడా చదివి, కాగితం మడతల ప్రకారం మడిచి, "కాఫీ చల్లారిపోయింది, వేడిచేసి తెస్తాను" అని లేచింది.

ఇప్పుడు నీ ప్రశ్నకి జవాబు. కుదరదు. నా కళ్ళూ అదే, నా చేయీ అదే. రెండూ కలిపి నీకు పార్సిల్ చెయ్యలేను. ఉద్యోగం వదులుకోకు. పిల్లని చూసుకోవడానికి మనిషిని పెట్టుకో, జీతం ఇవ్వు. మీ ఆయన్ని సబ్‌స్టేషన్ వాళ్ళతో మాట్లాడమను. కరెంటుతో మాట్లాడే మనిషికి పై అధికారితో మాట్లాడడం ఒక లెక్కా? జీతం లేని మేనత్తలు నవలల్లోనే దొరుకుతారు.

పైగా చిన్నది ఎక్కడికీ రాదు. మెట్ల కింద దాని గది దానికుంది. అందులో సగం నా పుస్తకాలున్నాయనుకో, అది వేరే సంగతి. వేళకి తిండి, వేళకి నిద్ర, ఇంట్లో సొంత మనిషిని నేనున్నాను. ఇక్కడ దానికి ఏ లోటూ లేదు.

ఈ పై వాక్యం చెప్పినప్పుడు కలం ఆగింది. నాకు కనిపించదు గానీ కాగితం మీద ఆ గరగర ఆగితే తెలుస్తుంది. "రాయవే" అన్నాను. రాసింది. చదవమంటే చదివింది. ఇక్కడ దానికి ఏ లోటూ లేదు.

అమ్మమ్మ


ప్రతులు దిద్దే గది
రెండు వారాల తర్వాత

అమ్మమ్మకి, చదివి వినిపిస్తున్న చిట్టమ్మమ్మకి,

ఇలా ఇద్దరికీ అని రాయడానికే ఇన్నాళ్ళు పట్టింది. ఆ ఉత్తరం చిట్టమ్మమ్మ గొంతులో ఎలా వినిపించి ఉంటుందోనని గుర్తున్నంత మేరకు నేనే పైకి చెప్పుకుని విన్నాను. కళ్ళ సంగతి దాచినందుకు అమ్మమ్మతో వేరే పోట్లాట ఉంది. అది ఎదురుగా కూర్చుని, నా చెవి వైపు చూడమని చెప్పి పోట్లాడతాను.

నీ మొదటి ఉత్తరాన్ని నా బల్ల ముందు గోడకి అంటించుకున్నాను అమ్మమ్మా. అందులో "ఆమెని అడిగారా?" అని ఉంది. ఎడిటరు గారు కూడా వెళ్తూ వస్తూ అది చదువుతారు. నేను అడగలేదు. మరి నువ్వు అడిగావా? నేను పిల్ల కోసం పంపమన్నాను, నువ్వు ఉత్తరాల కోసం పంపనన్నావు. తను పక్కన కూర్చుని మనిద్దరి మాటలూ చదివింది, రాసింది. పాదిరీ ఇంటివాళ్ళకీ మనకీ తేడా ఏమైనా ఉంటే దిద్ది పంపు.

చిట్టమ్మమ్మా, ఇది నిన్నే అడుగుతున్నాను, అమ్మమ్మని మధ్యలో పెట్టకుండా. నాకేం కావాలో, అమ్మమ్మకేం కావాలో వదిలెయ్. నీకేం కావాలి?

మీ
మనవరాలు


మెట్ల కింది గది
మధ్యాహ్నం, అక్క కునుకు తీస్తుండగా

బుజ్జి వాళ్ళమ్మకి,

ఉత్తరాలు చాలా రాశాను. మొదలుపెట్టడం మాత్రం నాకు రాదని ఇవాళే తెలిసింది. కలం ఆనించగానే అక్క వాక్యమే వస్తోంది. "కాదు" అని మొదలైంది ఒకసారి. ఆ కాగితం చింపేశాను.

నీ ఉత్తరం అక్కకి చదివాను. "తేడా ఏమైనా ఉంటే దిద్ది పంపు" దాకా చదివాను. ఆ తర్వాత నువ్వు నన్ను అడిగింది చదవలేదు. నోరు రాలేదు. అక్క "అంతేనా?" అంది. "అంతే" అన్నాను. అక్కకి చదివేటప్పుడు నేను మాట వదిలెయ్యడం ఎప్పుడూ లేదు. సాయంత్రం దాకా ఆ ఉత్తరాన్ని దొంగసొత్తులా కొంగులో దాచుకుని తిరిగాను. తర్వాత అనుకున్నాను, నన్ను అడిగిన ప్రశ్న కదా, నాదే కదా, దాచుకుంటే ఏం అని.

నాకేం కావాలో చెప్తాను. మా బడిలో డ్రాయింగ్ టీచరు నీకు గుర్తుండాలి. నీ చిన్నప్పటి గౌను మీద పిట్టని ఆవిడ గీసింది, నేను కుట్టాను. రిటైరయ్యాక తన సొంత ఊళ్ళో ఉంటోంది, ఇక్కణ్ణుంచి రైల్లో ఒక పూట ప్రయాణం. ఆవిడ ఇంటి మేడ మీద ఒక గది ఖాళీగా ఉంది. డ్రాయింగ్ బోర్డులు పెట్టుకునేదట, ఇప్పుడు ఆ బోర్డులు కూడా లేవు. ప్రతి ఏడూ రమ్మంటుంది. చుట్టపుచూపుగా కాదు, ఉండిపొమ్మని. ఇద్దరం కలిసి నవల్లోలా బడి గిడి ఏం పెట్టం. పిల్లల అరుపులు ఇద్దరికీ చాలు. పగలు ఎవరి పని వాళ్ళం చేసుకుని, సాయంత్రం కాసేపు కలిసి నడిచొద్దామని. అంతే. నా పెన్షన్ నాకు సరిపోతుంది.

పాదిరీ చెల్లెలి గురించి నాకు తోచిందొకటి చెప్తాను, నీ గైడుకి పనికొస్తుందో లేదో. అక్కకి ఆ నవల రెండుసార్లు పైకి చదివాను. పుస్తకమంతా ఆమె చేతులే కనిపిస్తాయి. టీ పోసే చేయి, తాళం తిప్పే చేయి, దుప్పటి మడత పెట్టే చేయి. ముఖం ఎలా ఉంటుందో ఒక్కచోటా లేదు. మళ్ళీ వెతికాను కూడా. కుక్క ముఖం ఉంది.

అక్కకి నేను చెప్పలేదు. చెప్తే ఏమంటుందో నాకు తెలుసు, ఆమె వాక్యాలన్నీ రాసేది నేనే కదా. అక్క చెడ్డది కాదు. అమ్మా నాన్నా పోయాక నన్ను చదివించింది ఆమే. నాకు ఎవరి మీదా కోపం లేదు. కోపమే ఉంటే ఎప్పుడో వెళ్ళిపోయేదాన్ని. కళ్ళు అలా ఉన్న మనిషిని వదిలి వెళ్తానని ఏ నోటితో అనను?

నా బదులు నువ్వు చెప్పకు. అలా చెప్తే నా మాట మళ్ళీ ఇంకొకరు చెప్పినట్టే అవుతుంది.

బుజ్జిదాని కొత్త గౌను కొలతలు పంపు.

చిట్టమ్మమ్మ


మా వంటింటి బల్ల
జవాబుగా, వెంటనే

చిట్టమ్మమ్మకి, తనకి మాత్రమే,

చెప్పను. మాటిస్తున్నాను.

కానీ ఒక్కటి గుర్తు చేస్తాను. అమ్మమ్మ ఏ ఉత్తరమైనా మొత్తం చదివించుకుని గానీ సంతకం పెట్టదు. ఎదురుగా చెప్పడానికి నీకు నోరు రాకపోతే, చెయ్యి ఉంది. వచ్చేసారి ఆమె ఉత్తరం చెప్తున్నప్పుడు, ఆమె చెప్పనిది ఒకటి రాయి. తర్వాత ఎప్పటిలా చదువు. చదవడం నీకు అలవాటే కదా.

ఇక్కడి సంగతులకి నువ్వు బెంగపడకు. నువ్వు రాకపోతే నా ఉద్యోగం పోతుందని నేను ఇక ఎవరికీ చెప్పను. ఎందుకంటే అది నిజం కాదు. ఏదో ఒకటి చేస్తాం. గౌను కొలతలు వెనకవైపు రాశాను. చేతులు కాస్త వదులు పెట్టు.

మనవరాలు


మేడ మీది ముందు గది
చలి మొదలైంది

గోడలకి ఉత్తరాలు అంటించే మనవరాలికి,

తేడా ఉంటే దిద్ది పంపమన్నావు. ఉంది. పాదిరీ చెల్లెలికి కాలేజీ చదువు లేదు, సంపాదన లేదు, వెళ్దామంటే ఇంకో చోటు లేదు. మీ చిట్టమ్మమ్మ చదువుకుంది, ఉద్యోగం చేసింది, పెన్షన్ తీసుకుంటోంది. ఆమె వెళ్ళలేక ఆ ఇంట్లో ఉంది. ఇది ఉండాలని ఉండి ఇక్కడ ఉంది. నవలని తెచ్చి బతుకు మీద కప్పేముందు కొలతలు చూసుకోవాలి. చంకల కింద బిగుతుగా ఉంటే మనిషిదా తప్పు, గుడ్డదా అని కూడా ఆలోచించాలి. నీ గైడు చదివే పిల్లలకి కూడా ఇదే చెప్పు.

ఇది అక్క చెప్పింది కాదు. నేను రాస్తున్నది. ఉండాలని ఉండి నేను ఇక్కడ లేను. డ్రాయింగ్ టీచరు ఇంటికి వెళ్ళి ఉండిపోవాలని ఉంది. ఈ చలికాలం వెళ్ళేలోపు వెళ్తాను.

పైన ఉన్న ఆ ముక్క నాది కాదు. చదివి వినిపించినప్పుడే నాకు తెలిసింది. చదువుతున్నప్పుడు ఈసారి గొంతు మారింది. జరిగింది జరిగినట్టు చెప్తాను, అది రాస్తుంది.

"అది నేను చెప్పలేదే" అన్నాను.

"లేదక్కా. నేను చెప్పాను."

"కొట్టెయ్."

"కొట్టెయ్యను."

"ఉత్తరం నాది."

"చేయి నాది."

నా ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం ఉండాల్సిన చోట మచ్చ ఉంది. చెవి వైపు చూశాను. చెవి ఎర్రబడి ఉంది. చిన్నప్పుడూ అంతే, తిట్లు తినే ముందే చెవులు ఎర్రబడేవి దానికి.

"ఎప్పటి నుంచి అనుకుంటున్నావు?"

"రిటైరైనప్పటి నుంచి."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడగలేదు కదక్కా."

"నా కళ్ళు ఇలా అవుతాయని నీకు ముందే తెలుసా ఏమిటే, రిటైరయ్యాక ఇన్నాళ్ళూ ఆగావు?"

"లేదు. ముందు నీ మోకాళ్ళు. తర్వాత నువ్వు పుస్తకం రాయడం. ఆ తర్వాత కళ్ళు. ఎప్పుడూ ఏదో ఒకటి ఉంది."

ఇవాళ్టికి ఇంతే. సంతకం పెట్టను.

(సంతకం లేకుండానే పోస్టు చేస్తున్నాను. అక్క వద్దనలేదు. చిట్టమ్మమ్మ.)


నా గది, తలుపు మీద పేరుతో
చలి తగ్గుతోంది

అమ్మమ్మకి,

నీ దగ్గర్నుంచి మాట లేక చాలా రోజులైంది. చిట్టమ్మమ్మ వెళ్ళిందని అమ్మ చెప్పింది. ఇప్పుడు నీకు ఎవరు చదువుతున్నారో తెలియదు కాబట్టి అక్షరాలు పెద్దవిగా, నల్లగా రాస్తున్నాను. ఒక్కో పేజీకి ఐదారు లైన్ల కంటే పట్టడం లేదు.

నువ్వు అన్నట్టే ఆయన పై అధికారితో మాట్లాడారు. పొద్దున పూట బుజ్జిది ఆయన దగ్గర. మధ్యాహ్నం నా దగ్గరే, ఇక్కడే, నా బల్ల కింద. పాత ప్రతుల వెనకవైపు బొమ్మలు గీస్తుంది. మా కొత్త గైడుకి అట్ట మీద బొమ్మ దానిదే వేద్దామని ఎడిటరు గారు పోతూ పోతూ హాస్యమాడారు. నేను హాస్యంగా తీసుకోలేదు.

మేనత్తకి నాలుగు లైన్లు ఇవి. చూడు.

"పాదిరీ చెల్లెలు: ఇంటిని నడిపింది ఈమె. తాళాలన్నీ ఈమె దగ్గర ఉంటాయి, ఒక్క తలుపూ ఈమెది కాదు. పుస్తకమంతా ఈమె చేతులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. ఈమెకి ఏం కావాలో రెండో భాగంలో ఒక్క వాక్యం ఉంది, ఆ తర్వాత ఎవరూ అడగరు. విద్యార్థులు ఇది గమనించాలి."

చేతులూ ముఖం సంగతి నేను కనిపెట్టింది కాదు. ఎవరు కనిపెట్టారో నీకు తెలుసనుకుంటాను.

మనవరాలు


మేడ మీది ముందు గది
సొంత చేత్తో

మనవరాలికి,

"విద్యార్థులు ఇది గమనించాలి" తీసెయ్. గమనించేవాళ్ళు నువ్వు చెప్పకుండానే గమనిస్తారు, మిగతావాళ్ళు నువ్వు చెప్పినా గమనించరు. పైగా అది ఐదో లైను. నీకు నాలుగే ఇచ్చారు. మిగతాది ఉండనీ. బాగుందని నా చేత అనిపించుకోవాలని చూడకు.

ఈ ఉత్తరం ఎలా రాస్తున్నానో నీకు అర్థమై ఉండదు. వెళ్ళేముందు చిన్నది ఒక మందపాటి అట్టకి అడ్డంగా సన్నటి కిటికీలు కోసిచ్చింది, చొక్కాకి కాజాలు కోసినట్టు. అట్టని కాగితం మీద పెట్టి, ఒక్కో కాజాలో ఒక్కో లైను రాయాలి. వేలితో తడుముకుంటే లైను ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగాలో తెలుస్తుంది. కాకపోతే వత్తులు అట్ట కింద ఇరుక్కుంటున్నాయి. ఎక్కడైనా వత్తు లేకపోతే ఉందనుకుని చదువు. ఇన్నేళ్ళు నీ తప్పులు నేను దిద్దాను, ఇక నావి నువ్వు దిద్దు.

సాయంత్రాలు పక్కింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరు వచ్చి చదివిపెడుతున్నాడు. తెలుగు బాగానే చదువుతాడు. ఇంగ్లీషు నవల మొదలుపెడితే ఆయన ఉచ్చారణ దెబ్బకి పాదిరీ మొదటి అధ్యాయంలోనే పోయాడు. వద్దని చెప్పలేకపోతున్నాను, మనిషి మంచివాడు, కాఫీ కూడా అడగడు.

చిన్నది వెళ్ళిన రోజు డ్రాయింగ్ టీచరే వచ్చింది తీసుకెళ్ళడానికి. ఒక పెట్టె, కుట్టు మిషను. అన్నేళ్ళ మనిషికి అంతే సామాను. అల్మారా తాళాలు ఎక్కడున్నాయో చెప్పబోయింది. వద్దన్నాను, వెతుక్కుంటాను అన్నాను. ఇంకా వెతుక్కుంటున్నాను. గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, వెళ్ళనా?" అంది. నన్ను అడగాల్సిన పని లేదని చెప్దామనుకున్నాను. కానీ అడిగిన మనిషికి జవాబు ఇవ్వాలి కదా. "వెళ్ళిరా" అనబోయి, "వెళ్ళు" అన్నాను. పశ్చాత్తాపం అనుకునేవు. ఆ మాట నాకు నవలల్లోనే నచ్చుతుంది.

దాని మొదటి ఉత్తరం వచ్చింది. "అక్కకి" అని మొదలుపెట్టింది, అంతే, ఏ అలంకారమూ లేదు. పోస్ట్‌మాస్టరు చదువుతుంటే, ఇన్నేళ్ళూ నా మాటలు రాసిన చేతికి ఎలాంటి మాటలున్నాయో మొదటిసారి విన్నాను. పొట్టి పొట్టి వాక్యాలు. అవసరమైనచోట ఆగుతుంది. నాకు రాని విద్య అది.

గదికి రెండు కిటికీలున్నాయట. ఒక దాంట్లోంచి రైలు కనిపిస్తుందట. బోర్డులు పెట్టుకునే గది కదా, తలుపుకి బయట గొళ్ళెం ఉంది గానీ లోపల గడియ లేదట. గాలికి తలుపు తెరుచుకుంటోందని కుట్టు మిషను స్టూలు అడ్డం పెట్టుకుని పడుకుంటోంది. ఇది మాటల మధ్యలో రాసింది. గడియ కావాలని అడగలేదు. అది అడగదు. మనమే అడగాలని నువ్వు గోడకి అంటించుకున్నావు కాబట్టి నీకు పని చెప్తున్నాను.

మీ ఆఫీసు కింద ఇనుప సామాన్ల కొట్టు ఉందని రాశావు ఒకసారి. అక్కడ ఒక గడియ కొను. ఇత్తడిది. ఇనుపదైతే తుప్పు పట్టి బిగుసుకుపోతుంది. జానెడు పొడవు చాలు. తలుపుకి లోపలి వైపు బిగించేదని అడుగు, లేకపోతే తాళం వేసేది అంటగడతాడు. కొనేముందు వేలితో జరిపి చూడు, చప్పుడు లేకుండా జరగాలి. పార్సిల్ మీద దాని చిరునామా నువ్వే రాయి, ఈ కాజాల అక్షరాలని పోస్టాఫీసు నమ్మదు. లోపల ఉత్తరం ఏమీ పెట్టొద్దు. స్క్రూలు మాత్రం మరిచిపోకు, ఒకటి రెండు ఎక్కువే వెయ్యి.

అమ్మమ్మ